షాలిమార్ దారిలో తీరని బాకీ

కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ పడమటి ఒడ్డున, హౌరాలో ఉన్న షాలిమార్ చాలాకాలం సరుకుల యార్డుగానే బతికింది. 1977లో హౌరా నుంచి మద్రాసుకు మొదలైన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ 2022 నుంచి ఇక్కడి నుంచే బయల్దేరుతోంది. విశాఖ సముద్రాన్నీ అరకు లోయనూ చూడాలనుకునే బెంగాలీ కుటుంబాలూ, దక్షిణాదికి కూలికి పోయే వలస కార్మికులూ ఈ రైలు ఎక్కుతారు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ వద్ద ఆ రైలుతో సహా మూడు రైళ్లు ప్రమాదంలో చిక్కుకుని 290 మందికి పైగా పోయారు. వాళ్లలో పొట్ట చేతపట్టుకుని బయల్దేరినవాళ్లు ఎందరో. విహారానికైనా పనికైనా దారి ఇదే కాబట్టి, పేదలకు మేలు చేసే యాత్ర ఎలా ఉండాలో ఈ దారి చరిత్రనే అడగాలి. ఈ దారి వెంట తీరం నుంచీ కొండల నుంచీ వెళ్లినవాటికి లెక్కలు రాసి ఉన్నాయి. ఇక్కడివారికి దక్కినదాన్ని మాత్రం ఎవరూ అంత శ్రద్ధగా రాయలేదు. ఆ బాకీ యాత్రికుడి దయతో తీరదు, స్థానికుడి హక్కుతోనే తీరుతుంది.

షాలిమార్‌కు దగ్గర్లో, శిబ్‌పూర్‌లో, 1787లో ఈస్టిండియా కంపెనీ ఒక వృక్షోద్యానం పెట్టింది. 1793లో దాని పర్యవేక్షణకు వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో మొక్కలు పెంచి పరిశోధించినవాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి సంపుటాలుగా వెలువడింది. మొక్కల తెలుగు పేర్లు కూడా ఆయన రాసిపెట్టుకున్నాడు. వాటిని చెప్పినవాళ్లు, ఏ ఆకు దేనికి పనికొస్తుందో తెలిసినవాళ్లు ఈ తీరపు మనుషులే. బొమ్మలు గీసిన చిత్రకారులూ ఈ దేశస్థులే. గ్రంథం మీద నిలిచింది మాత్రం రాక్స్‌బర్గ్ పేరు. ఆయన శ్రమ గొప్పదే, కానీ జ్ఞానం ఇచ్చినవాడు అనామకుడైపోయాడన్న మాటా అంతే నిజం.

తర్వాతి బాకీ ఖనిజానిది. విశాఖ నుంచి అరకు వెళ్లేటప్పుడు పర్యాటకులు కిటికీకి అతుక్కుపోయి చూసే కొత్తవలస-కిరండూల్ రైలుమార్గాన్ని 1960లలో వేసింది వాళ్ల కోసం కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడం కోసం. సొరంగాలూ లోయల అందాలూ ఆ పనికి తోడుగా వచ్చినవే. ఆ రైలు దాటే కొండల్లోనే, బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలో, ప్రైవేటు గనుల లీజులపై సమత సంస్థ చేసిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజు చెల్లదని 1997లో కోర్టు తేల్చింది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి కేటాయించాలని కూడా చెప్పింది. అంతకుముందే 1970 నాటి సవరణతో, జనం నోట 1/70గా నిలిచిన చట్టం, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డం నిలిచింది. బాధ్యతగల యాత్రకు పునాదులు ఇవే. భూమి గిరిజనుడిదైతేనే దాని మీద వెలిసే విడిదిలో అతను యజమాని కాగలడు. భూమి చేజారిందా, తన ఊళ్లోనే వంటవాడిగానో కాపలాదారుగానో మిగులుతాడు.

హక్కుకు సంఘం తోడైతే ఏమవుతుందో చూపడానికి అరకు కాఫీ చాలు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయాన్ని దళారులకు వదిలేయకుండా కొనే ఏర్పాటు చేసింది. కాఫీ రైతుల సహకార సంఘాలు ఇంకో అడుగు ముందుకేశాయి. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మారేడుమిల్లి అడవిలో వన సంరక్షణ సమితుల ద్వారా గిరిజనులే నడిపే విడుదులూ ఈ కోవలోనివే. ఇలాంటిచోట పర్యాటకుడు ఇచ్చే రూపాయికి ఊళ్లో నిలిచే దారి ఉంటుంది.

పర్యాటకం పేరుతో గిరిజనుడి బతుకును అంగట్లో పెడుతున్నారనీ, అతన్ని అతని మానాన వదిలేయడమే మేలనీ కొందరంటారు. ధింసా నృత్యం గంటకింత అని అమ్ముడైన చోట ఆ ఆవేదన న్యాయమైనదే. అయితే మనం వెళ్లడం మానేస్తే కొండల వైపు ఇంకెవరూ చూడరనుకోవడం పొరపాటు. ఖనిజం కోసం చూసే కళ్లు ఎప్పుడూ ఉన్నాయి. ఆడాలో వద్దో, ఎప్పుడు ఆడాలో, ఎంత తీసుకోవాలో ఆడేవారే నిర్ణయించుకునే స్థితి కావాలి. పర్యాటకుడు ఎంత ఖర్చు పెడితే ఊరు అంత బాగుపడుతుందన్నది మరో వాదన. గది అద్దె, కారు కిరాయి, భోజనం డబ్బు పట్నానికి తిరిగిపోతే, కొండకు మిగిలేది ప్లాస్టిక్ చెత్తే. ఇవన్నీ ఆరా తీయడం సెలవుకొచ్చిన మనిషికి సాధ్యమా అంటే, పూర్తిగా కాదు. అందుకే భారమంతా అతని మీద వేయకూడదు. చట్టాన్ని బినామీల నుంచి కాపాడటం ప్రభుత్వం పని. ఈ విడిది ఎవరిదని అడగడం, సంతలో బేరమాడకుండా కొనడం, బొంగులో చికెన్‌ను దాన్ని కాల్చే గిరిజనుల దగ్గరే తినడం యాత్రికుడి పని.

రాక్స్‌బర్గ్ కాలంలో తీరపు మనిషిని అడిగింది మొక్క పేరు. రైలు వేసినప్పుడు కొండమనిషిని ఏమీ అడగలేదు. షాలిమార్‌లో పెట్టె సర్దుకుని రైలెక్కే యాత్రికుడు ఇప్పుడు అతని పేరే అడగాలి. ఆ పేరు విడిది పట్టా మీదా, కాఫీ సంఘం పుస్తకంలోనూ కనిపించిన రోజున ఈ దారి బాకీ తీరడం మొదలైనట్టు.