చాందీ సిక్కా మీద ఒక మెహమాన్

మొన్న హైదరాబాద్‌లో నాణేల ఎగ్జిబిషన్‌కు నా బేటీని తీసుకెళ్లాను. అఫ్గానిస్తాన్ సిక్కాల దగ్గర ఇద్దరం ఆగిపోయాం. 1978 నాటి 500 అఫ్గానీల చాందీ సిక్కా. దాని మీద సైబీరియా కొంగ.

"అబ్బూ, ఈ పిట్ట ఇప్పుడుందా?" అంది. వెంటనే జవాబ్ ఇవ్వలేకపోయాను.

అంతరించిపోతున్న జీవాల హిఫాజత్ కోసం 1970లలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్, ఐయూసీఎన్ సంస్థల చొరవతో చాలా ముల్కులు యాద్‌గార్ సిక్కాలు వేశాయి. అఫ్గానిస్తాన్ మూడు వేసింది. 250 అఫ్గానీల చాందీ మీద మంచు చిరుత, 500 మీద ఈ కొంగ, 10,000 అఫ్గానీల సోనా మీద మార్కోపోలో గొర్రె.

ఈ కొంగ మనకు అజ్నబీ కాదు. జహంగీర్ బాద్‌షా 'నాదిరుల్ అస్ర్' అని ఖితాబ్ ఇచ్చిన ముసవ్విర్ ఉస్తాద్ మన్సూర్ దీని తస్వీర్ గీశాడు. యూరప్ శాస్త్రజ్ఞుడు పల్లాస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టింది ఆ తర్వాత ఎప్పుడో, 1773లో.

సైబీరియాలో పుట్టి, గజ్నీ దగ్గరి ఆబె ఇస్తాదా సరస్సులో దిగి, చలికాలానికి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చేరేవి. 1960ల మధ్యలో అక్కడికి దాదాపు 200 కొంగలు వచ్చేవి. దారి పొడవునా షికార్ ఆగలేదు. సిక్కా వచ్చిన 1978 ఏప్రిల్‌లోనే కాబూల్‌లో హుకూమత్ తలకిందులైంది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో సోవియట్ ఫౌజ్ దిగింది. ఇక పిట్టల ఫికర్ ఎవరికి? భరత్‌పూర్‌లో ఆఖరి జంట కనిపించింది 2002లో.

అదే వరసలో మారిషస్ 1975లో 50 రూపాయల చాందీ సిక్కా మీద తన చిన్న డేగను వేసింది. తెలుగువాళ్లు తరతరాలుగా బతుకుతున్న దీవి అది. 1974లో అడవిలో తెలిసిన డేగలు నాలుగే. గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని సాకి అడవిలో వదిలారు. ఈనాడు అవి వందల్లో ఉన్నాయి. సిక్కా రెంటికీ దక్కింది, మెహనత్ ఫలితం ఒక్కదానికే దక్కింది.

"ఉంది బేటా. చైనాలో పోయాంగ్ సరస్సుకు వేలల్లో వస్తుంది. మన ఇంటికే రావడం లేదు" అన్నాను.

"ఎందుకు?"

"పిల్లకు దారి చూపేది అమ్మీ, అబ్బూలే. చూపేవాళ్లు పోతే దారీ పోతుంది."

ఆ మాట నాకే తగిలింది. నేను ఉర్దూ మీడియంలో చదివాను. నా బేటీకి ఉర్దూలో తన పేరు రాయడం రాదు. ఆ రాత్రి అలిఫ్, బే దగ్గర మొదలుపెట్టాం.