గుడియా, గుడిదీర్ఘమా? ఏలూరి గోడశాసనము ఒకటి

పవర్‌పేట స్టేషనుకు పోవు దారిలో, నలువది సంవత్సరములకు పైగా ఎండకును వానకును ఓర్చి నిలిచిన గిడ్డంగి గోడ యొకటి మొన్నటి వేసవిలో కూలద్రోయబడినది. అది ఏ గోడయో, ఎవరి గిడ్డంగియో ఏలూరువారికి నేను చెప్పనక్కరలేదు. పరాయి ఊరివారికి చెప్పినను ప్రయోజనము లేదు. గోడ పోయినందుకు నాకు విచారము లేదు. నీలిరంగుతో, బారెడేసి అక్షరములతో వ్రాయబడి, ఏటేట వేసిన సున్నము పెచ్చులూడినపుడెల్ల కొంచెము కొంచెముగా బయటపడుచు, మా యీడువారి బాల్యమునకు మిగిలిన ఏకైక లిఖితసాక్ష్యమైన సినిమా ప్రకటన దానితోపాటు పోయినందుకే నా విచారమంతయు.

ఆ శాసనపాఠము నాలుగు పంక్తులు. మొదటిది ‘నేడే చూడండి’. రెండవది ‘బ్రూస్’ అను మాటయు, దాని ప్రక్క ఒక లకారమును. ఆ లకారముమీది గుర్తు సగము పగిలినది. మూడవ పంక్తిలో ముందున్న మాటలన్నియు రాలిపోగా కడపట ‘డ్రాగన్’ అనునది చెక్కుచెదరక నిలిచినది. నాలుగవది ‘రోజూ 3 ఆటలు’. రాజుల శాసనములలో శకవర్షమో, విజయరాజ్య సంవత్సరమో, గ్రహణమో, సంక్రాంతియో ఏదో యొక కాలనిర్దేశముండును. మా శాసనమునకు ‘నేడే’ యన్నదే కాలనిర్దేశము. ఆ నేడు ఏనాడు? ఏలూరికిని తాడేపల్లిగూడెమునకును వచ్చిన తగవు దీనిమీదనే.

గూడెమువారి వాదమిది. ‘ఎంటర్ ది డ్రాగన్’ చిత్రము నాటి మన ఉమ్మడి జిల్లాలో మొదట గూడెములో ఆడినదట. ఏలూరి గోడమీద నున్నది అసలు బ్రూస్ లీ కాడట, అతడు పోయిన పిమ్మట ఆ పేరు పెట్టుకొని బయలుదేరిన నకిలీలలో ఒకడట. అందుకు నిదర్శనముగా ఆ లకారముమీద నున్నది గుడియే కాని గుడిదీర్ఘము కాదట. వినుటకిది హాస్యముగా తోచవచ్చును గాని వాదములో పస లేకపోలేదు. బ్రూస్ లీ 1973 జూలై 20వ తేదీన, ముప్పది రెండేండ్ల ప్రాయమున, హాంకాంగులో మరణించెను. ‘ఎంటర్ ది డ్రాగన్’ వెలువడినది ఆ తరువాతనే. కుంగ్‌ఫూ వీరుడుగా అతడు పూర్తిచేసిన చిత్రములు నాలుగే కాగా, లోకమునకు తీరని దాహము మిగిలినది. ఆ దాహము తీర్చుటకై తైవానునుండి హో చుంగ్ తావో అనువాడు ‘బ్రూస్ లి’ అను పేరున వచ్చెను. మరియొకడు ‘బ్రూస్ లె’ యయ్యెను. కొరియానుండి ‘డ్రాగన్ లీ’ దిగెను. లీ సగములో విడిచిపోయిన ‘గేమ్ ఆఫ్ డెత్’ను సైతము నకలు మనుష్యులతో అతికించి 1978లో విడుదల చేసిరి. కనుక అది గుడియైనచో మా ఊరి గోడ నకిలీవాని ప్రకటన యగును, గుడిదీర్ఘమైనచో అసలువానిదగును అని గూడెమువారి తర్కము.

ముప్పది సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి, పిల్లల కాపీపుస్తకములలో గుడికి గుడిదీర్ఘమునకు భేదము వెదకి వెదకి కళ్లజోడు అద్దములు మందమైనవాడను నేను. గోడ కూలుటకు ముందు, ఇరుగుపొరుగువారు నవ్వుచుండగా, నిచ్చెన వేసికొని ఎక్కి తడిగుడ్డతో తుడిచి చూచితిని. గుడి చుట్టు ముగిసిన చోట లోనికి తిరిగిన నీలిరంగు కొక్కెము, నా బొటనవ్రేలంత మందమున, స్పష్టముగా కలదు. అది దీర్ఘమే. ఈ మాట గూడెములోని నా మిత్రునితో చెప్పగా ఆయన, “మాస్టారూ, అది కాకిరెట్టండి” అనెను. కాకిరెట్ట నీలముగా ఉండునా యని నేనడిగితిని. ఆయన టీ గ్లాసు క్రింద పెట్టి, పోనిండు, దీర్ఘమే యనుకొందము, గోడలు వ్రాయు పెయింటరు ఆ తైవానువానిని మాత్రము హ్రస్వముతో వ్రాయునా, విన్న పేరు విన్నట్లు ఇద్దరికిని దీర్ఘమే పెట్టును గదా యని ఎదురడిగెను. ఆ ప్రశ్నకు నేనింకను సమాధానము చెప్పలేదు. చెప్పవలసిన యగత్యము లేదనియే నా అభిప్రాయము.

నా పక్షమున వేరొక సాక్ష్యము కలదు. ఆ రోజులలో ఇంగ్లీషు చిత్రముల పెట్టెలు మనకు బెజవాడనుండి రైలులో వచ్చెడివి. బెజవాడనుండి తూర్పుగా బయలుదేరిన బండి ఏలూరు దాటి, భీమడోలు దాటి, ఆపైన గూడెము చేరవలెను. పెట్టె మా ప్లాట్‌ఫారము మీదుగా పోవుచుండగా దానిని దింపుకొనకుండునంతటి మందబుద్ధులా ఏలూరి హాళ్లవారు? గూడెమువారు విమానముల రన్‌వే ఉన్నదని గొప్ప చెప్పుకొందురు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వేసిన ఆ రన్‌వేమీద వారి కుఱ్ఱవాండ్రు తెల్లవారుజామున కాళ్లు విసరుచు కరాటే అభ్యసించిన మాట నిజమే, నేను కన్నులార చూచితిని. కాని ఫిలిము పెట్టె విమానములో దిగినదని ఇంతవరకు వారును అనలేదు.

ఆ చిత్రము మేము చూచిన తీరు చెప్పవలెను. అందులోని ఇంగ్లీషు మాకు ఒక్క ముక్క అర్థము కాలేదు, కావలసిన పని పడలేదు. కడపట అద్దముల గదిలో ఏది మనిషియో ఏది ప్రతిబింబమో తెలియక వీరుడు తడబడు ఘట్టము రాగానే, నా వెనుక బెంచీలోని ముసలి రిక్షాకార్మికుడొకడు “మయసభరా!” యని కేకవేసెను. నాటినుండి నేటివరకు ఆ ఘట్టమునకు అంతకు మించిన వ్యాఖ్యానము నేను చదువలేదు. ఆట విడిచిన మరునాడే ఊరిలో జామకఱ్ఱలకును పాత సైకిలు చైనులకును గిరాకి పెరిగినది. రెండు కఱ్ఱలను చైనుతో కలిపిన నాంచాక్ అనునది ఎదుటివానిని కొట్టుటకు ముందు త్రిప్పువాని మోచేతిని కొట్టును. మా తరగతిలో ఏడుగురు మోచేతులు వాచి వచ్చుటచే డ్రిల్లు మాస్టారు విషయము గ్రహించి చైనులన్నియు స్వాధీనపరచుకొనిరి.

కొల్లేటి లంకల కుఱ్ఱవాండ్రు మాకంటె ఒక మెట్టు పైనుండిరి. శ్రీపఱ్ఱు, గుడివాకలంక, పైడిచింతపాడు ప్రాంతములనుండి తాటిదోనెలమీద కొంత, కాలినడకను కొంత వచ్చి ఆట చూచి పోయెడివారు. షాలిన్ కుంగ్‌ఫూ చిత్రములలో కొంగపట్టు, పాముపట్టు అని వచ్చును గదా; మేము వానిని తెరమీద చూచి నేర్చుకొనవలసి వచ్చెను, వారికి కొంగ ఎదుట నీటిలో ఒంటికాలిపై నిలిచియే యుండెను. 1978లో వచ్చిన ‘ఫైవ్ డెడ్లీ వెనమ్స్’లో జెఱ్ఱి, పాము, తేలు, బల్లి, కప్ప అని ఐదు విద్యలు, ఈ ఐదింటిని చెప్పులు లేని కాళ్లతో త్రొక్కక పెరిగిన లంకవాడు లేడు. ఆ సంవత్సరపు ‘థర్టీసిక్స్త్ చాంబర్ ఆఫ్ షాలిన్’లో గోర్డన్ లియూ చేతులు చాచి నీళ్లబకెట్లు మోయుచుండగా, చేయి వాలినచో పొడుచుకొనునట్లు కత్తులు కట్టియుండును. చుట్టును నీరే యుండి త్రాగునీటికై బిందెలతో క్రోసుల దూరము నడచిన లంకల ఆడువారికి ఆ శిక్షణ చూపి అబ్బురపరచుట కష్టము. సంక్రాంతికి కోడిని దింపువారు డేగ, కాకి, నెమలి, పింగళి యని రంగును బట్టి, వారమును బట్టి, దిక్కును బట్టి గెలుపోటములు లెక్కగట్టు కుక్కుటశాస్త్రము తెలిసిన సీమకు ఐదు విషముల విద్య వింత కానేరదు.

నింజాలను గూర్చి నాకు పెద్ద గౌరవము లేదు. 1981లో ‘ఎంటర్ ది నింజా’ యని ఒకటి వచ్చినది. అందు నింజా ఇటలీ నటుడు ఫ్రాంకో నీరో, అసలు జపానువాడైన షో కోసుగి దుష్టుడు. మేము నింజా చిత్రములను వీడియో పార్లరులలో చూచితిమి. తువాలు మొగమునకు చుట్టి, డాల్డా డబ్బారేకును నక్షత్రముగా కత్తిరించి అరటిబోదెలపై విసరుట తప్ప ఆ చిత్రములవలన మా పేటకు కలిగిన లాభము లేదు. 1984లో సుమన్, భానుచందర్ కలిసి నటించిన ‘మెరుపుదాడి’ వచ్చినప్పుడు మాత్రము, మన భాషలో మనవారే ఎగిరి తన్నుచుండగా, హాలు దద్దరిల్లినది.

ఇక ఈ తగవులో మూడవ పక్షమొకటి ఈ మధ్య తలయెత్తినది. మా ఊరి పెద్దమనిషి యొకరు, బోధిధర్ముడు వేంగివాడనియు, గుంటుపల్లి గుహలలో భిక్షువులు సాముచేసిరనియు, ఆ విద్యయే చైనాకు పోయి షాలిన్ కుంగ్‌ఫూ యైనదనియు, కనుక బ్రూస్ లీ మనకు మనుమనివంటివాడనియు ఒక సభలో సెలవిచ్చిరి. సభ చప్పట్లతో మారుమ్రోగినది. నేను కొట్టలేదు. షాలిన్ విహారమును క్రీ.శ. 495 ప్రాంతమున కట్టించినది బతువో అను భారతీయ భిక్షువుకొఱకు, బోధిధర్మునికొఱకు కాదు. 547లో వ్రాసిన యాంగ్ షువాన్‌జి బోధిధర్ముని పారసీకుడనెను. నూరేండ్ల పిమ్మట దావోషువాన్ దక్షిణభారత బ్రాహ్మణుడనెను. దక్షిణమన్నంత మాత్రమున నాటి వేంగి యైన మన పెదవేగి యనుకొనుట, రైలు దక్షిణమునకు పోయినది కనుక నెల్లూరులో దిగవలెననుటవంటిది. బోధిధర్ముని వ్యాయామవిద్యకు ముడిపెట్టిన ‘యీజిన్ జింగ్’ 1624లో పుట్టిన పుస్తకము. ఆ కథ నిలువదని టాంగ్ హావో అను చైనా పండితుడు 1930లోనే తేల్చెను.

వేంగికి షాలినుకు నిజమైన సంబంధము వేరొకటి కలదు. మా పెద్దమనిషి దానిని విడిచిపెట్టిరి. 639 ప్రాంతమున చైనా యాత్రికుడు హ్యుయెన్ త్సాంగు ఆంధ్రదేశమునకు వచ్చి, రాజధాని పేరు పింగ్‌కిలో యని వ్రాసెను. అది వేంగియే యని పండితులు గుర్తించిరి. ఇరువది సంఘారామములు, మూడువేల భిక్షువులు, ముప్పది దేవాలయములు అని లెక్క చెప్పెను. నగరమునకు నైరృతిగా ఇరువది లీల (లీ చైనావారి కొలత) దూరమున కొండపై స్తూపముండెననియు, దిఙ్నాగుడు తర్కశాస్త్రము రచించినది అచ్చటనే యనియు చెప్పెను. గుంటుపల్లియే ఆ కొండ యనువారు పెదవేగిలో నిలుచుండి ఒకసారి దిక్కులు చూచుకొనవలెను. గుంటుపల్లి ఉత్తరమున ఉన్నది. ఆ యాత్రికుడే 645లో స్వదేశమునకు తిరిగి వెళ్లి, గ్రంథములు అనువదించుకొనుటకు షాలిన్ విహారములో నివసింపనిమ్మని చక్రవర్తిని వేడెను; చక్రవర్తి ఒప్పుకొనలేదు. వేంగి చూచిన కన్నులు షాలినును కోరినవి, అంతే. ఇంతకు మించి ఒక్క అక్షరము నేను చెప్పను. ఈ ప్రాంతపు జనులు ఉగ్రస్వభావులు, ఉద్రేకశీలురు అని కూడ ఆయన వ్రాసినాడు. మార్నింగు షోకు టిక్కెట్ల కిటికీ దగ్గర నిలుచున్నవారెవరును దీనిని కాదనరు.

గోడ పోయినది గనుక ఇక మిగిలినది ఛాయాచిత్రము. ఆ గిడ్డంగి ముందర పెండ్లి ఊరేగింపు ఫొటోయో, వినాయకుని పందిరి ఫొటోయో తీయించుకొన్న కుటుంబములు మన ఊరిలో ఉండకపోవు. వెనుక నీలి అక్షరములు కనబడుచున్నచో దయచేసి నాకొకసారి చూపుడు. లకారము స్పష్టముగా ఉన్నచో చాలును, పెండ్లికొడుకు కనబడకున్నను చింత లేదు. గూడెమువారి వద్ద ఉన్నను తీసికొని రావచ్చును.