లండన్ నివేదికలో ఇప్పపువ్వు

1919లో లండన్‌లో ఒక ప్రభుత్వ కమిటీ తన నివేదిక సమర్పించింది. మోటారు బండ్లకు పెట్రోలు బదులు ఆల్కహాల్ పనికొస్తుందా అన్నది ఆ కమిటీకి అప్పగించిన ప్రశ్న. అధ్యక్షుడు సర్ బోవర్టన్ రెడ్‌వుడ్, పెట్రోలియం విషయంలో ఆ కాలంలో పెద్ద పేరున్న నిపుణుడు. ఆల్కహాల్ తీయడానికి సామ్రాజ్యం మొత్తంలో ఏయే చెట్టూ చేమా అక్కరకొస్తాయో గాలిస్తూ ఆ పెద్దలు సెంట్రల్ ప్రావిన్సుల్లోనూ హైదరాబాద్ సంస్థానంలోనూ పెరిగే ఒక చెట్టు దగ్గర ఆగారు. దాని ఎండు పూల మీద ఆశ పెట్టుకున్నారు. వాళ్లు దాన్ని బాసియా లాటిఫోలియా అన్నారు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో అది ఇప్ప.

వరంగల్‌లో ఏటా వేలమంది పిల్లలు రసాయనశాస్త్రం పరీక్షలో ఇథనాల్ గురించి రాస్తారు. ప్రత్యామ్నాయ ఇంధనంగా దాని లాభనష్టాలేమిటని ప్రశ్న వస్తే జవాబు ఒకే దారిలో నడుస్తుంది. చెరకు మడ్డిని పులియబెడతారు. గ్లూకోజు ఇథనాల్‌గానూ కార్బన్ డయాక్సైడుగానూ విడిపోతుంది. ఇథనాల్ మండితే మసి ఉండదు. మొక్క మళ్లీ పెరుగుతుంది కనుక తరిగిపోని వనరు. నష్టాల్లో, లీటరుకు వచ్చే శక్తి పెట్రోలు కన్నా తక్కువ, నీటిని పీల్చుకుంటుంది, తిండిగింజలకు పోటీ. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఈ జవాబులో ఉదాహరణ ఎప్పుడూ బ్రెజిల్‌దే. 1975లో ఆ దేశం మొదలుపెట్టిన ప్రోఆల్కూల్ పథకం నిజంగానే గొప్పది. అంతకు యాభై ఏళ్ల ముందే మన అడవి పువ్వు ఇదే పరీక్షకు కూర్చుందన్న సంగతిని మాత్రం ఏ పిల్లవాడికీ ఎవరూ చెప్పలేదు.

1918 నుంచి 1920 దాకా నడిచిన ఆ కథ దగ్గర కాసేపు ఆగాలి. మొదటి ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. లారీలు, విమానాలు, ట్యాంకులు యుద్ధాన్ని నూనె మీద నడిపాయి. బ్రిటన్‌కు సొంత నూనె బావులు లేవు. 1918 చివర్లో రెడ్‌వుడ్ కమిటీని వేసింది ఆ భయంతోనే. ఇటు బెంగళూరులో, టాటాల చొరవతో పుట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, గిల్బర్ట్ ఫౌలర్ అనే ఆచార్యుడు ఇప్పపువ్వునే ప్రయోగశాలకు తెచ్చాడు. మురుగునీటి శుద్ధిలో మాంచెస్టర్‌లో పేరు తెచ్చుకుని వచ్చినవాడు ఆయన. ఆయనకు కావలసింది మోటారు ఇంధనం కాదు, అసిటోన్. తుపాకుల్లో వాడే కార్డైట్ మందు తయారీకి అది తప్పనిసరి. ఇప్పపువ్వు పులియడం మీద ఆయన బృందం రాసిన పరిశోధన 1920లో ఆ సంస్థ పత్రికలోనే అచ్చయింది. కోయవాళ్లు కుండలో నానబెట్టే పువ్వు ఒక పక్క ఫిరంగి మందుకూ, ఇంకో పక్క మోటారుకూ అభ్యర్థి అయిందన్నమాట.

ఆనాటి అంచనాలు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తాయి. హైదరాబాద్ సంస్థానంలో అప్పటికే ఉన్న ఇప్పచెట్ల పూలతోనే, స్థానికులు తాగే సారాకు పోయేది పోగా, ఏడాదికి 7 లక్షల గ్యాలన్ల ప్రూఫ్ స్పిరిట్ తీయొచ్చని లెక్కగట్టారు. ప్రూఫ్ స్పిరిట్ అంటే అందులో సుమారు 57 శాతం ఆల్కహాల్. లీటర్లలోకి మార్చి, నీటిని తీసేస్తే దాదాపు 18 లక్షల లీటర్ల స్వచ్ఛమైన ఇథనాల్. కొత్తగా ఒక్క మొక్క నాటక్కర్లేదు, ఒక్క ఎకరం దున్నక్కర్లేదు.

మరో లెక్క టన్ను ఎండు పువ్వుకు 95 శాతం ఆల్కహాల్ 90 గ్యాలన్లు వస్తుందన్నది. దీన్ని ఇంటర్ చదివే పిల్లవాడు కాగితం మీద సరిచూడగలడు. ఎండు ఇప్పపువ్వు బరువులో సుమారు 60 శాతం చక్కెరలే. బ్రిటిష్ టన్ను 1016 కిలోలు, అంటే చక్కెర 610 కిలోలు. 180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాములకు మించి ఇథనాల్ రాదు కనుక 610 కిలోల నుంచి 312 కిలోలు, అంటే 395 లీటర్లు. 90 గ్యాలన్లంటే 409 లీటర్లు, అందులో స్వచ్ఛమైనది 389. పైకప్పును దాదాపు తాకుతున్న అంకె ఇది. ఏ బట్టీలోనూ ఈస్ట్ అంత నిక్కచ్చిగా పనిచేయదు కనుక అసలు దిగుబడి తక్కువే ఉంటుంది. అందులో ఎనిమిదో వంతు తరుగు తీసేసినా టన్నుకు 340 లీటర్ల పైమాటే. ఇవాళ మొక్కజొన్న నుంచి టన్నుకు సుమారు 380 లీటర్లు తీస్తున్నారు. దున్నకుండా, ఎరువు వేయకుండా, తెల్లవారుజామున తనంతట తానే రాలే పువ్వు మొక్కజొన్నకు అంత దగ్గరగా వచ్చిందంటే దానికి మంచి మార్కులే వేయాలి.

రాలడం అంటే నిజంగా రాలడమే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు రాల్చిన కొమ్మల చివర గుత్తులు పూస్తాయి. రసం నిండిన లేత పసుపు పూలు రాత్రంతా పక్వమై, చీకటి ఉండగానే టపటపా పడతాయి. ఎలుగుబంట్లు, జింకలు రాకముందే ఆడవాళ్లు, పిల్లలు గంపలు పట్టుకుని చెట్టు కిందికి చేరతారు. ఎండబెడితే పువ్వు ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. సారా కాచేవాళ్లు దాన్ని నీళ్లలో నానేసి, పులిసిన తర్వాత కుండకెక్కించి, పైన చల్లనీళ్ల పాత్ర పెట్టి ఆవిరిని ధారగా పడతారు. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుందని పుస్తకం చెప్పే మాటను ఆ కుండ ఎప్పుడో తెలుసుకుంది.

అయినా అది ఇంజిన్‌లోకి ఎందుకు పోలేదు? కారణం రసాయనశాస్త్రంలో లేదు, అబ్కారీలో ఉంది. సారా మీద వచ్చే పన్ను సంస్థానం ఖజానాకు పెద్ద ఆదాయం. బ్రిటిష్ పాలకులైతే బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో ఏకంగా మౌరా (ఇప్ప) చట్టం తెచ్చి, ఠాణా, కొలాబా ప్రాంతాల ఆదివాసుల చేతుల్లోంచి పువ్వునే లాక్కున్నారు. తాగే ఆల్కహాల్ మీద కన్నేసిన ప్రభుత్వానికి మండే ఆల్కహాల్ కూడా అనుమానంగానే కనబడుతుంది. అమెరికాలోనూ ఇదే జరిగింది. 1826లో శామ్యూల్ మోరే ఆల్కహాల్, టర్పెంటైన్ కలిపి ఇంజిన్ నడిపాడు. దీపాల్లోనూ ఆ మిశ్రమమే వెలిగేది. అంతర్యుద్ధం కాలంలో 1862 నుంచి ఆల్కహాల్ మీద పన్ను మోపారు. పరిశ్రమలు వాడే ఆల్కహాల్‌కు 1906 దాకా ఆ పన్ను నుంచి విముక్తి దొరకలేదు. ఈలోగా కిరోసిన్ ఇళ్లన్నీ ఆక్రమించింది.

  

రెడ్‌వుడ్ నివేదిక తర్వాతి దశాబ్దాలు వేగంగా గడిచిపోతాయి. నిజాం ప్రభుత్వం 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టించింది. ఆల్కహాల్‌కు చెరకు మడ్డి చవకగా దొరకడంతో ఇప్పపువ్వు అవసరం వెనకబడింది. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు రేషన్ పెడితే బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు తగిలించుకుని బొగ్గు గ్యాసు మీద నడిపారు. స్వాతంత్ర్యం రాగానే 1948లో ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. పెట్రోలులో ఆల్కహాల్ కలపమని ఆదేశించే అధికారం కేంద్రానికిచ్చిన చట్టం అది. గల్ఫ్ నూనె చవగ్గా పారుతున్నన్నాళ్లూ దాన్ని పట్టించుకున్నవారు లేరు. 2000లో దాన్ని రద్దు చేశారు. మూడేళ్లు తిరక్కుండానే, 2003 జనవరిలో, పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే పథకం తొమ్మిది రాష్ట్రాల్లో మొదలైంది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇప్పుడు హన్మకొండ బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే ఇథనాల్‌లో 21. అయిదో వంతు కలిపితే మొత్తం శక్తి దాదాపు 7 శాతం తగ్గుతుంది. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య ఎక్కువ కనుక దానికి తగ్గట్టు ఇంజిన్‌ను మార్చుకుంటే ఆ నష్టంలో కొంత పూడుతుంది. పాత బండికి ఆ అవకాశం లేదు.

ఇథనాల్ నీటిని ఎంతగా ప్రేమిస్తుందో చూపే పరీక్ష కాలేజీ ల్యాబులో అయిదు నిమిషాల పని. కొలజాడీలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి జాగ్రత్తగా కుదిపి నిలబెడితే అడుగున నీటి పొర పెరుగుతుంది. పెట్రోలులోని ఇథనాల్ దాదాపు అంతా కిందికి దిగి నీళ్లలో కలిసిపోతుంది. ట్యాంకులో చెమ్మ చేరితే జరిగేదీ అదే. అందుకే ఇంధనంగా వాడే ఇథనాల్‌ను పూర్తిగా ఆరబెట్టాలి. మామూలు బట్టీ ఎంత కాచినా 95 శాతం దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ నీరూ ఇథనాలూ కలిసే మరుగుతాయి. ఆ చివరి నీటిబొట్లను పట్టుకోవడానికి నేటి కర్మాగారాల్లో జియోలైట్ గుళికలు వాడతారు.

దేశం ఇప్పుడు ఏటా సుమారు వెయ్యి కోట్ల లీటర్ల ఇథనాల్ పెట్రోలులో కలుపుతోంది. దాని ముందు హైదరాబాద్ ఇప్పపూల 18 లక్షల లీటర్లు సముద్రంలో కాకిరెట్టంత. కనుక ఇప్పపువ్వు పెట్రోలుకు జవాబు అయ్యేదని ఎవరూ వాదించనక్కర్లేదు. పోగొట్టుకున్నది వేరే ఉంది. ఊరి దగ్గరి చెట్టు, ఊరి మనుషుల చేతి పని, చిన్న బట్టీ అన్న ఆలోచన అసలు మొలకెత్తనే లేదు. దాని స్థానంలో బియ్యాన్నీ మొక్కజొన్ననూ మింగే పెద్ద కర్మాగారాలు వచ్చాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులోనూ, 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లోనూ రైతులు రోడ్డెక్కింది తమ నీళ్ల కోసం, గాలి కోసం. పరీక్ష జవాబులో నష్టాల కింద ఇది కూడా ఒక వాక్యం కావాలి. బ్రెజిల్ గురించి రాసిన చేత్తోనే దిలావర్‌పూర్ గురించి రాస్తే ఆ జవాబు మరింత నిజమవుతుంది.

మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారంగా ఇచ్చేది బెల్లం. అదే బెల్లం గుడుంబా బట్టీలకు పోతుందేమోనన్న అనుమానంతో ఇటీవలి జాతరల్లో బెల్లం కొనేవాళ్లను ఆధార్ కార్డు అడిగారు. మౌరా చట్టం రోజుల నాటి అనుమానం ఇంకా బతికే ఉంది.

ఇప్పపువ్వు మాత్రం కొత్త దారి వెతుక్కుంటోంది. ఉట్నూరు దగ్గర ఆదివాసీ మహిళలు దాంతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. రక్తహీనత ఉన్న తల్లులకూ పిల్లలకూ అవి పెడుతున్నారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే ప్యాసింజరు రైలు ఘన్‌పూర్ దాటాక ఒక చిన్న స్టేషన్‌లో నిమిషం ఆగుతుంది. పసుపు బోర్డు మీద మూడు భాషల్లో ఆ స్టేషన్ పేరు రాసి ఉంటుంది. ఇప్పగూడ.