రాకపోకల నడుమ గోడ: అమెరికా–మెక్సికో సరిహద్దు చరిత్ర

మెక్సికో సరిహద్దు మీద అమెరికా ప్రభుత్వం తొలినాళ్ళలో కట్టిన కంచె మనుషులను ఆపడానికి కాదు, పశువులను ఆపడానికి. 20వ శతాబ్దపు ఆరంభంలో గోమార్ల వల్ల పశువులకు సోకే జ్వరం అమెరికాలోని పశుపాలకులను కలవరపెట్టింది. వ్యవసాయ శాఖ కాలిఫోర్నియా సరిహద్దులో ముళ్ళతీగ వేయించింది. అటువైపు ఆవు ఇటు రాకూడదు. దానిని మేపే మనిషి రావచ్చు. ఈనాడు అదే సరిహద్దు మీద కొన్నిచోట్ల ముప్ఫై అడుగుల ఉక్కు స్తంభాలు నిలబడి ఉన్నాయి. సంపన్నదేశం పక్కన పేదదేశం ఉన్నప్పుడు గోడ తప్పదని అనేవారున్నారు. అయితే ఈ రెండు దేశాల ఆదాయాల మధ్య అంతరం గోడకన్నా ఎంతో పాతది. ఆ అంతరం నడిపించిన వలసను గోడ ఏంచేసిందన్నదే ఇక్కడి ప్రశ్న.

1848 నాటి గ్వాడలూపే ఇదాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో సుమారు సగాన్ని అమెరికాకు వదులుకుంది. ఆ తరువాత చాలాకాలం సరిహద్దు పటం మీది గీతగానే ఉండిపోయింది. 1904 నుంచి అక్కడ గస్తీ తిరిగిన గుర్రపు రౌతులు ముఖ్యంగా వెతికినది చైనీయులను. 1924 చట్టం ఐరోపా వలసలకు కోటాలు విధించి, ఆసియా వారికి దాదాపుగా తలుపు మూసింది. మెక్సికోకు మాత్రం ఏ పరిమితీ పెట్టలేదు. నైరుతి రాష్ట్రాల భూస్వాములకూ రైలు కంపెనీలకూ ఆ కూలీలు కావాలి. సరిహద్దు గస్తీదళం ఏర్పడినది కూడా ఆ ఏడాదే.

అక్కడినుంచి విధానం అవసరాన్నిబట్టి మారుతూ వచ్చింది. 1930ల ఆర్థికమాంద్యంలో లక్షలాది మెక్సికన్లను వెనక్కి పంపారు. వారిలో అమెరికాలో పుట్టిన పౌరులు కూడా ఉన్నారు. యుద్ధం వచ్చి పొలాల్లో మనుషులు కరువైనప్పుడు, 1942లో, బ్రాసెరో పథకం మొదలైంది. 1964లో ముగిసేలోగా ఆ పథకం కింద సుమారు 45 లక్షల కూలి ఒప్పందాలు జరిగాయి. అనుమతి లేని వలసదారులను దాక్కోనివ్వడం నేరమని 1952 చట్టం చెప్పింది. కానీ వారికి పని ఇవ్వడం ఆ నేరం కిందికి రాదని అదే చట్టంలో ఒక మినహాయింపు రాసుకున్నారు. 1954లో ప్రభుత్వం పెద్దయెత్తున గాలించి మెక్సికన్లను దేశం దాటించింది. అదే ఏడాది మూడు లక్షలకు పైగా బ్రాసెరోలను పనికి రప్పించింది కూడా.

1965 వలస చట్టం మనకు బాగా పరిచయమైనది. జాతిమూలాల కోటాలను రద్దుచేసి, ఆసియా వైద్యులకూ ఇంజనీర్లకూ దారి తెరిచిన చట్టం అది. అమెరికాలో తెలుగువారి చరిత్రను సాధారణంగా అక్కడినుంచే మొదలుపెడతాం. కానీ అదే చట్టం పశ్చిమార్ధగోళం మొత్తానికి, తొలిసారిగా, ఏడాదికి 1,20,000 వీసాల పరిమితి విధించింది. 1976లో ఒక్కో దేశానికి 20,000 అన్న నియమం దానికి తోడైంది. 1950ల చివర్లో ఏటా సుమారు నాలుగున్నర లక్షలమంది బ్రాసెరోలుగానూ, యాభైవేలమంది స్థిరనివాస వీసాలతోనూ మెక్సికో నుంచి వచ్చేవారు. బ్రాసెరో పథకం పోయింది, వీసాలు తగ్గాయి. కోతపనులు మాత్రం తగ్గలేదు. నిన్నటిదాకా ఒప్పందపత్రంతో వచ్చిన మనిషే ఇప్పుడు చట్టవిరుద్ధంగా రావలసివచ్చింది.

అయినా వలస స్వభావం పెద్దగా మారలేదు. హలిస్కో, మిచోవకాన్, గ్వానహ్వాతో రాష్ట్రాల మగవారు పనుల కాలంలో వచ్చి, పైకం కూడబెట్టుకుని ఊరికి తిరిగి వెళ్ళేవారు. పాలమూరు కూలీల వలసలు ఎరిగినవారికి ఈ తీరు కొత్తకాదు. సంసారం అక్కడ, సంపాదన ఇక్కడ.

ఈ చక్రం తెగినది 1990లలో. 1993లో ఎల్ పాసోలో, 1994లో శాన్‌డియాగోలో గస్తీని ముమ్మరం చేశారు. హెలికాప్టర్లు దిగడానికి సైన్యం వాడి వదిలేసిన ఇనుపరేకులతో శాన్‌డియాగో దగ్గర గోడ కట్టారు. 1994 జనవరి 1న ఉత్తర అమెరికా స్వేచ్ఛావాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చింది. అమెరికా మొక్కజొన్న దక్షిణానికీ, పెట్టుబడి సరిహద్దు కర్మాగారాలకూ సులువుగా చేరాయి. ఆ డిసెంబరులోనే పెసో కుప్పకూలింది. సరుకుకు దారి వెడల్పవుతున్న ఏడాదే కూలికి దారి ఇరుకయింది.

గోడ ఏమీ చేయలేదనడం సరికాదు. శాన్‌డియాగో వద్ద దాటేవారు బాగా తగ్గారు. వారు తూర్పుకు, అరిజోనా ఎడారికి మళ్ళారు. 1998–2018 మధ్య సరిహద్దు ప్రాంతంలో 7,000కు పైగా మృతదేహాలను గస్తీదళమే లెక్కించింది. దాటించే దళారుల రుసుము పెరిగింది. మెక్సికన్ గ్రామాలలో దశాబ్దాలుగా సర్వేలు చేస్తూ వచ్చిన డగ్లస్ మాసీ, ఆయన సహచరులూ చూపినది ఇది: కాపలా పెరిగినకొద్దీ వచ్చేవారు పెద్దగా తగ్గలేదు, తిరిగి వెళ్ళేవారు తగ్గారు. ఒకసారి ప్రాణాలకు తెగించి దాటినవాడు మళ్ళీ ఆ సాహసం చేయడానికి జంకాడు, భార్యాపిల్లలనే రప్పించుకున్నాడు. ప్యూ పరిశోధనాసంస్థ అంచనాలో 1990లో 35 లక్షలున్న అనుమతిలేని వలసదారులు 2007 నాటికి 1 కోటి 22 లక్షలయ్యారు. ఇందుకు గోడ ఒక్కటే కారణం కాదు, ఆనాటి పనుల గిరాకీ కూడా ఉంది. కానీ వచ్చినవారు ఉండిపోవడంలో గోడ పాత్ర కాదనలేనిది.

2007 తరువాత మెక్సికో నుంచి వలస పడిపోయింది. అమెరికాలో మాంద్యం వచ్చి, గృహనిర్మాణ రంగంలో పనులు తగ్గాయి. 1960లలో ఒక్కో స్త్రీకి దాదాపు ఏడుగురు పిల్లలున్న మెక్సికోలో ఆ సంఖ్య రెండుకు చేరువయింది. 2009–14 మధ్య వచ్చిన మెక్సికన్లకన్నా వెళ్ళిపోయినవారే ఎక్కువ. తలసరి ఆదాయంలో అంతరం మాత్రం పెద్దగానే ఉంది; నేటికీ సుమారు ఆరురెట్లు. అంటే అంతరం ఉన్నంత మాత్రాన వలస ఆగకుండా సాగదు. ఊళ్ళో కొత్తగా పనికి వచ్చే చేతులెన్ని, అవతల వాటికోసం ఎదురుచూసే పనులెన్ని అన్నవి కూడా దానిని నిర్ణయిస్తాయి.

ఆ 1965 చట్టం తెరిచిన తలుపులోంచి వచ్చిన మనకు ఈ చరిత్ర పరాయిది కాదు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళతరబడి నిలిచి, వీసా ముద్ర దొరకదేమోనన్న భయంతో తల్లిదండ్రుల చివరిచూపుకు కూడా వెళ్ళలేకపోయినవారు మనలో ఉన్నారు. ఎడారి దాటిన కూలీ కష్టమూ మన కష్టమూ ఒకటి కావు; మనకు కాగితాలున్నాయి, జీతాలున్నాయి. కానీ వెళితే తిరిగి రాలేమన్న శంక మనిషిని ఎలా కట్టిపడేస్తుందో మనకు తెలుసు. అక్రమంగా వచ్చి స్థిరపడిపోయారని మెక్సికన్లను గురించి మన ఇళ్ళలో మాట్లాడుకునేటప్పుడు, వారు తిరిగి వెళ్ళే దారి ఎప్పుడు, ఎలా మూసుకుపోయిందో కూడా గుర్తుచేసుకోవడం న్యాయం.