బస్తాల వరస, బ్రాకెట్ల వరస

నిజాం కాలంలో హైదరాబాద్ టోకు బజారు ఉస్మాన్‌గంజ్‌లో గుమాస్తాగా నెగ్గుకురావాలంటే రెండు రకాల రూపాయలతో లెక్క తెలియాలి. ఒకటి నిజాం హాలీ సిక్కా, రెండోది ఇంగ్లీషువాళ్ల కల్దార్. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. బొంబాయి సరుకు కల్దార్ ధరకు కొని, ఇక్కడ హాలీలో అమ్మాలి. పైగా రూపాయికి 16 అణాలు, మణుగుకు 40 సేర్లు. సేరు ఒక అణా అయితే మణుగెంత? బడిలో అయితే 40తో గుణించి 16తో భాగించమంటారు. గంజ్‌లో ఆ రెండు పనులూ కలిసి ఒక్క 'రెండున్నర' అయిపోతాయి. పక్కనున్న బేగంబజార్ మార్వాడీ మునీములకు సవాయా, డేఢా, ఢాయా ఎక్కాలు నోటికి వచ్చేది ఇందుకే. ఒకటింపావు, ఒకటిన్నర, రెండున్నరల ఎక్కాలవి.

ముందు గుణించాలా, కూడాలా అన్న అనుమానం అక్కడ రాదు. వరస బేరంలోనే ఉంటుంది. ఈ కాలపు ఐదో తరగతి పిల్లవాడికి మాత్రం అదే పెద్ద చిక్కు. ఈ చిక్కు ఎక్కడ మొదలైందో చూడాలంటే చాలా వెనక్కి పోవాలి.

క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లనది పదకొండో శతాబ్దమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అంటే తెలుగులో కావ్యంతో పాటే లెక్కల పుస్తకమూ పుట్టిందన్నమాట. మన సాహిత్య చరిత్రలు ఆ సంగతిని ఒక వాక్యంలో దాటేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఆ సంప్రదాయంలో లెక్క అంటే ఎక్కువగా మాటల లెక్కే. చేయాల్సిన పనుల వరస సూత్రంలోనే ఉంటుంది. త్రైరాశికంలో ఫలాన్ని ఇచ్ఛతో గుణించి, ఆ తర్వాతే ప్రమాణంతో భాగించాలి. భాగహారాన్ని చివరికి ఉంచితే మధ్యలో భిన్నాల బెడద ఉండదు.

వరస మీద పట్టు పెంచడానికి వాళ్లకు ఇంకో ఉపాయం ఉండేది, విలోమ విధి. భాస్కరాచార్యుడి లీలావతి (1150)లో ఒక లెక్క ఉంది. ఒక సంఖ్యను మూడుతో గుణించి, వచ్చినదానికి దాని ముప్పావు కలిపి, ఏడుతో భాగించి, అందులో మూడో వంతు తీసేసి, వర్గం చేసి, 52 తగ్గించి, వర్గమూలం తీసి, 8 కలిపి, పదితో భాగిస్తే 2 వచ్చింది. ఆ సంఖ్య ఏది? వెనక్కి నడవాలి. రెండు పదులు 20, ఎనిమిది తీస్తే 12, దాని వర్గం 144, దానికి 52 కలిపితే 196, మూలం 14. మూడో వంతు పోగా మిగిలింది 14 కాబట్టి అసలు 21. ఏడుతో గుణిస్తే 147. ముప్పావు కలవక ముందు 84, మూడో వంతు 28. ఒక్క మెట్టు తారుమారైనా జవాబు రాదు. ఏ పని ఏ పని మీద కూర్చుందో తెలియడానికి ఇంతకంటే మంచి కసరత్తు నాకు తెలియదు. మన బడుల్లో ఇది దాదాపు కనిపించదు.

వీధిబడి కథ వేరు. 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులున్నాయి, వాటిలో 226 తెలుగువి. ఇసుకలో అక్షరాలు దిద్దడం, ఎక్కాలు గుంపుగా వల్లించడం అక్కడి పద్ధతి. తక్కువ ఖర్చుతో చదువు చెబుతున్నారని మెచ్చుకుంటూనే, పద్యాలను అర్థం తెలియకుండా వల్లెవేస్తున్నారని కాంప్‌బెల్ విసుక్కున్నాడు.

ఇప్పటి గుర్తులు వచ్చింది ఇంగ్లీషు చదువుతో. కూడిక, తీసివేత గుర్తులు అచ్చులో కనిపించింది 1489లో, విడ్మన్ జర్మన్ పుస్తకంలో. సమానం గుర్తు 1557లో గణితజ్ఞుడు రికార్డ్ పెట్టింది. గుర్తులన్నీ ఒకే వరసలో రాసేసరికి ఏది ముందన్న ఒప్పందం తప్పనిసరైంది. బ్రాకెట్లు, ఏ పని ముందో చెప్పే బాడ్‌మాస్ నియమం అందుకు వచ్చినవే.

హైదరాబాద్ రాజ్యంలో మధ్యలో ఇంకో పొర చేరింది. 1917లో ఏర్పడిన దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం గణిత గ్రంథాలను ఉర్దూలోకి మార్చింది. పై తరగతులకు వెళ్లిన తెలుగు పిల్లవాడు ఇంట్లో కూడిక, తీసివేత అంటూ, బడిలో జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్ అనేవాడు. లెక్క సులువే, చెప్పే భాష ఇంటిది కాదు.

1957 ఏప్రిల్ 1న నయాపైసా వచ్చింది. మరుసటి ఏడాది నుంచి కిలోలు విడతలవారీగా వచ్చాయి. 1959తో హాలీ సిక్కా వెళ్లిపోయింది. అణాలూ సేర్లూ మార్చుకునే చాకిరీ తప్పింది. అన్నాళ్లూ ఆ చాకిరీ చాటున ఉన్న వరస చిక్కు అప్పుడు బయటపడిందని నా అభిప్రాయం. బాడ్‌మాస్‌ను మంత్రంలా పట్టిస్తే అదీ తప్పుదారి పట్టిస్తుంది. 24 ÷ 4 × 3కి జవాబు 18. భాగహారం, గుణకారం సమాన హోదా గలవి కాబట్టి ఎడమ నుంచి కుడికి పోవాలి. గుణకారమే ముందనుకున్నవాడికి 2 వస్తుంది.

అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి. బాడ్‌మాస్ రాసి ఉన్న లెక్కను చేయడం నేర్పుతుంది, మాటల్లోంచి లెక్కను రాయడం నేర్పదు. ఇప్పటి ఉస్మాన్‌గంజ్ బేరమే చూడండి. కిలో 110 రూపాయల కందిపప్పు, 30 కిలోల బస్తాలు మూడు, బస్తాకు 20 హమాలీ, ముందే కట్టిన బయానా 500. ఇవ్వాల్సింది 3 × (30 × 110 + 20) − 500, అంటే 9,460. పిల్లవాడు 3 × 30 × 110 + 20 − 500 అని రాసి, నియమం తు.చ. తప్పకుండా పాటించి, 9,420 తెస్తాడు. నియమం పాటించాడు కదా అని సగం మార్కులు వేస్తే పిల్లవాడికి ఏమీ తెలియదు. తేడా వచ్చిన నలభై ఎవరిదని అడగాలి. రెండు బస్తాల హమాలీ అది.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకం పక్కన పెట్టి, బ్రాకెట్లున్న ఒక లెక్కను బోర్డు మీద రాసి, దీనికి సరిపోయే బేరం మీరే కట్టండి అని పిల్లలకు వదిలేస్తే చాలు. బ్రాకెట్ లోపల బస్తా ఖర్చు పెట్టినవాళ్లెవరో, మొత్తం బిల్లు ఖర్చు పెట్టినవాళ్లెవరో ఒక్క పీరియడ్‌లో తేలిపోతుంది.