27 గళ్లు, ఒక పెన్సిల్

1956 అక్టోబర్ 8, సోమవారం. న్యూయార్క్‌లో, బ్రాంక్స్‌లోని యాంకీ స్టేడియంలో కూర్చున్నారు మీరు. మోకాళ్ల మీద స్కోర్‌కార్డు, చేతిలో పెన్సిల్. పెన్ను పనికిరాదు, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. చుట్టూ 64,519 మంది. వరల్డ్ సిరీస్‌లో యాంకీస్ రెండు ఆటలు, బ్రూక్లిన్ డాడ్జర్స్ రెండు ఆటలు గెలిచారు. ఇది ఐదోది.

తొలి బంతి పడకముందే కొంత రాత ఉంది. ఎడమ వైపున డాడ్జర్స్ బ్యాటర్ల పేర్లు దిగే వరుసలో వేయాలి: గిలియం, రీస్, స్నైడర్, రాబిన్సన్, హాడ్జెస్, అమొరోస్, ఫురిల్లో, కాంపనెల్లా, చివర పిచర్ మాగ్లీ. పేరు పక్కన అతను మైదానంలో నిలబడే చోటు అంకె. పిచర్ 1, క్యాచర్ 2. ఒకటి, రెండు, మూడో బేస్‌ల వాళ్లు 3, 4, 5. షార్ట్‌స్టాప్ 6. దూరంగా గడ్డిలో ఎడమ నుంచి కుడికి 7, 8, 9. చొక్కా మీది నంబరుతో దీనికి సంబంధం లేదు. యాంకీస్ ఆటగాడు మిక్కీ మాంటిల్ వీపున 7 ఉంటుంది, కానీ నిలబడేది మధ్యలో కాబట్టి మీ కార్డులో అతను 8.

యాంకీస్ పేజీలో ‘లార్సెన్, 1’ అని రాస్తుంటే మీకే అనుమానం. మూడు రోజుల కిందట రెండో ఆటలో ఈ డాన్ లార్సెనే బంతి వేశాడు. ఆరు పరుగుల ఆధిక్యం చేతిలో ఉండి కూడా రెండు ఇన్నింగ్స్ నిలవలేకపోయాడు. యాంకీస్ 13-8తో ఓడారు. సరే, పెన్సిల్‌కి అభిప్రాయాలు ఉండకూడదు.

గిలియం వచ్చాడు. మూడో స్ట్రైక్‌కి బ్యాట్ ఊపకుండా నిలబడిపోయాడు. గడిలో కె అక్షరం, అదీ అద్దంలో చూసినట్టు తిరగేసి. ఊపి తప్పితే మామూలు కె, చూస్తూ నిలబడితే తిరగేసిన కె అని చాలామంది స్కోరర్లు పాటిస్తారు. పక్కనే చిన్న సున్నా చుట్టి లోపల 1, అంటే ఒకడు అవుట్. తర్వాత రీస్‌కి మూడు బాల్స్, అంటే గురి తప్పిన బంతులు, పడ్డాయి. గడి మూలన వాటికి మూడు చుక్కలు పెట్టారు. ఇంకొక్క బాల్ పడితే ఊరికే ఒకటో బేస్‌కి నడిచిపోతాడు. పోలేదు, అతనూ తిరగేసిన కె అయ్యాడు. ఆ మూడు చుక్కల్ని బాగా చూసుకోండి. ఇవాళ ఇంకే డాడ్జర్ గడిలోనూ మూడు బాల్స్ కనపడవు.

ఈ రాతకి ఆద్యుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరి, న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాసినవాడు. స్ట్రైక్‌తో అవుటైతే కె అనే గుర్తు ఆయన పెట్టిందే. క్రికెట్ స్కోర్‌బుక్కు చూసిన కన్ను గనక, ఆటగాడు ఏం చేశాడో ప్రతిదీ లెక్కలోకి ఎక్కాలని పట్టుబట్టాడు. మెయిడెన్ ఓవర్‌కి ఆరు చుక్కలు పెట్టి గీతతో కలిపే మన స్కోరర్లకి ఈ పిచ్చి కొత్తది కాదు.

రెండో ఇన్నింగ్స్‌లో మొదట జాకీ రాబిన్సన్. బంతి తుపాకీ గుండులా మూడో బేస్ వైపు దూసుకెళ్లింది. యాండీ క్యారీ గ్లవ్‌కి తగిలి పక్కకు ఎగిరింది. హిట్టే అనుకుని మీ చెయ్యి ఆత్రపడి ఒకటో బేస్ వరకు గీత లాగేసింది. ఈలోగా ఆ ఎగిరిన బంతి షార్ట్‌స్టాప్ మెక్‌డూగల్డ్ దగ్గరికి పోయింది, అతను అందుకుని విసిరాడు, 37 ఏళ్ల రాబిన్సన్ కొద్దిలో వెనకబడ్డాడు. ఇప్పుడు రబ్బరు తీయండి. గీత చెరిపి 5-6-3 అని రాయండి. ఎన్నేళ్ల తర్వాత చూసినా ఆ అంకెల్లో క్యారీ గ్లవ్ చప్పుడుతో సహా అంతా ఉంటుంది.

మాగ్లీ కూడా తక్కువ తినలేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో మాంటిల్ వచ్చేదాకా ఇరవై ముగ్గురు బ్యాటర్లు వచ్చారు, రెండు పేజీల్లో బేస్‌ల దారిని చూపే వజ్రం ఒక్కటి కూడా గీయలేదు మీరు. మాంటిల్ కొట్టిన బంతి కుడివైపు 296 అడుగుల గుర్తున్న స్తంభానికి కాస్త లోపలగా సీట్లలో పడింది. హోమ్ రన్. గడిలో నాలుగు గీతలు కలిపి వజ్రం పూర్తి చేసి నిండుగా నలుపు దిద్దారు. యాంకీస్ 1.

ఐదో ఇన్నింగ్స్‌లో హాడ్జెస్ ఎడమ-మధ్య ఖాళీలోకి లోతుగా లేపాడు. మాంటిల్ పరుగో పరుగు. బంతికి అడ్డంగా చెయ్యి చాచి పట్టాడు. స్టేడియం లేచి నిలబడింది. మీరు రాయాల్సింది? 8. అంతే. నిలబడ్డ చోటు కదలకుండా పట్టినా 8, ప్రాణం పెట్టి పరిగెత్తి పట్టినా 8. ఇక్కడ కార్డు పిసినారిది. అందుకే కొందరు పక్కన నక్షత్రం వేస్తారు. వేయండి. పత్రికల బాక్స్ స్కోరులో దానికి చోటు ఉండదు, ప్రేక్షకుడి కార్డులో లేకపోతేనే లోటు.

ఆరోలో క్యారీ హిట్, లార్సెన్ మెల్లగా తట్టిన బంట్, బావర్ హిట్, మరో పరుగు. ఆ తర్వాత మాంటిల్ నేల బంతితో పెద్ద గందరగోళం. హాడ్జెస్ ఒకటో బేస్ తొక్కి హోమ్ ప్లేట్‌కి విసిరాడు. మూడో బేస్‌కీ హోమ్ ప్లేట్‌కీ మధ్య చిక్కిన బావర్‌ని కాంపనెల్లా, రాబిన్సన్ అటూ ఇటూ తరిమారు. బావర్ గడిలో 3-2-5-2-5. పెన్సిల్ మొన సన్నగా లేకపోతే ఆ గడిలో ఇది పట్టదు.

ఏడో ఇన్నింగ్స్ అయింది. డాడ్జర్స్ పేజీలో వజ్రం ఒక్కటి లేదు. ఒక్క డాడ్జరూ బేస్ చేరలేదని చుట్టుపక్కల అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట అనరు. అంటే దిష్టి తగులుతుందని బేస్‌బాల్ జనం నమ్మకం. మీ కార్డులోకి తొంగిచూసి తల తిప్పుకుంటున్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో లార్సెన్ బ్యాట్ పట్టుకుని వస్తే చప్పట్లతో స్టాండ్స్ అదిరాయి. మాగ్లీ అతనితో కలిపి వరసగా ముగ్గురికీ కె రాయించాడు. ఓడుతున్న పిచర్ ఇంత బాగా వేశాడని చాలామంది మర్చిపోతారు, కార్డు మర్చిపోదు.

తొమ్మిదో ఇన్నింగ్స్. ఫురిల్లో, 9. కాంపనెల్లా, 4-3. మాగ్లీ బదులు డేల్ మిచెల్ వస్తున్నాడు. మాగ్లీ పేరు కింద సన్నగా రాసుకోండి. పదకొండేళ్లలో 119 సార్లే స్ట్రైక్‌లతో అవుటైన మనిషి ఇతను. ఒక బాల్, రెండు స్ట్రైక్‌లు, ఒక ఫౌల్. తర్వాతి బంతికి మిచెల్ ఊపబోయి ఆగాడు. అంపైర్ బేబ్ పినెల్లి చెయ్యి లేచింది. క్యాచర్ యోగి బెర్రా పరిగెత్తి లార్సెన్ మీదకి ఎగిరాడు.

అది బయటి బంతేనని మిచెల్ ఆ తర్వాత కూడా అంటూ వచ్చాడు. అయ్యుండొచ్చు. స్కోరర్‌కి ఆ తగవుతో పని లేదు, పినెల్లి స్ట్రైక్ అన్నాడు గనక తిరగేసిన కె. ఇక అడుగున మొత్తాలు వేయండి. డాడ్జర్స్: పరుగులు 0, హిట్లు 0, వాక్‌లు 0, బేస్‌ల మీద మిగిలినవాళ్లు 0. యాంకీస్: పరుగులు 2, హిట్లు 5. లార్సెన్ వేసిన బంతులు 97, ఆట సమయం 2 గంటల 6 నిమిషాలు. తేదీ రాసి కార్డు జాగ్రత్తగా దాచుకోండి. వరల్డ్ సిరీస్ చరిత్రలో అలాంటి పేజీ ఇదొక్కటే.