ముద్ర లేని పాట: బాలాంత్రపు రజనీకాంతరావు రచనా కర్తృత్వం

పులికాట్ సరస్సు ఒడ్డునున్న తడకు నేటికీ విజయవాడకన్నా చెన్నై ఎంతో దగ్గర. 1938 జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం ప్రారంభమైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేవరకు కోస్తా ప్రాంతపు తెలుగు శ్రోతలకు అదే ప్రధాన ఆధారం. ఆధునిక లలితగీతం రూపుదిద్దుకోవడంలో ఆ కేంద్రానిది పెద్ద పాత్ర. పాట రాసి, బాణీ కట్టి, పాడగల బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) 1941లో అక్కడ ఉద్యోగంలో చేరారు.

రజని నిడదవోలులో జన్మించారు. తండ్రి వేంకటరావు వేంకటపార్వతీశ కవులలో ఒకరు. కవిత్వం ఇంటి నుంచి వచ్చింది, శ్రోతలు రేడియో వల్ల వచ్చారు. 1947 ఆగస్టు 15న మద్రాసు కేంద్రం నుంచి టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మాదీ స్వతంత్ర దేశం’ ఆయన రచనే. అయితే గాయకుల కంఠం గుర్తున్నంతగా రచయిత పేరు శ్రోతలకు గుర్తుండదు.

సినిమాలో ఈ చిక్కు మరింత ముదిరింది. ‘గృహప్రవేశం’ (1946) సంగీత దర్శకుడిగా కనిపించే పేరు సోదరుడు నళినీకాంతరావుది. ప్రభుత్వోద్యోగి సినిమాకు బహిరంగంగా పనిచేయలేని ఆ రోజుల్లో ఈ సర్దుబాటు వెనుక రజని కృషి ఉందన్నది సాహిత్యలోకంలో స్థిరపడిన మాట. కనుక సినిమా టైటిళ్లనే తుది సాక్ష్యంగా తీసుకొనే పరిశోధకుడు ఇక్కడ పొరపడతాడు.

సమకాలీన బ్రిటన్‌లో ఇందుకు సరిగ్గా వ్యతిరేకమైన ఉదాహరణ ఉంది. బట్టలుతికే రేకుపలక, టీ పెట్టెకు కట్టిన తీగ, గిటారు ఉంటే చాలు, స్కిఫిల్ బృందం సిద్ధమయ్యేది. ఆ ధోరణికి ప్రతినిధి లోనీ డోనెగన్. 1954లో ఆయన రికార్డు చేసిన ‘రాక్ ఐలండ్ లైన్’ 1956 నాటికి పెద్ద విజయం సాధించింది. అది అమెరికన్ నల్లజాతీయుల నోట నిలిచిన పాట. సంప్రదాయ గీతానికి స్వరకల్పన చేసినవాడిగా డోనెగన్ పేరు దానికి తగిలింది. పరుల పాటకు ఆయన పేరు అంటుకుంది, సొంత పాట నుంచి రజని పేరు జారిపోయింది. గ్రామఫోను రికార్డుకు చీటీ ఉంటుంది, గాలిలో కలిసే ప్రసారానికి అదైనా లేదు.

విచిత్రమేమంటే, కర్తృత్వాన్ని గుర్తించే పనిని జీవితకాలం చేసినవాడు రజనియే. ఆయన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. క్షేత్రయ్య పదాన్ని ‘మువ్వగోపాల’ ముద్ర పట్టిస్తుంది. త్యాగరాజ కీర్తనలో ఆయన పేరే ముద్ర. లలితగీతం ఈ సంప్రదాయాన్ని చాలావరకు వదులుకుంది. భక్తిరంజనిని తీర్చిదిద్దిన చేయి ఎవరిదో అది రోజూ విన్న శ్రోతలలో ఎందరికి తెలుసు?

‘శతపత్రసుందరి’లో అచ్చయిన గీతాల మేరకు కర్తృత్వానికి ఢోకా లేదు. సినిమా టైటిళ్లను, రేడియో ప్రసార పత్రాలను ఆ సంపుటితో పాటపాటకూ పోల్చి చూడవలసి ఉంది.